రెండు వేళ్ళ లోతు

జూన్ 4

ఫోన్ ఎత్తని తమ్ముడికి,

అక్క రాస్తున్నది. మూడుసార్లు ఫోన్ చేశాను. మూడుసార్లూ మోగి మోగి ఆగిపోయింది. నీ ఆఫీసుకు చేస్తే టైపిస్టు అమ్మాయి ఎత్తి, "సార్ మ్యాపుల గదిలో ఉన్నారండీ, ఫోన్‌కి రారు" అంది. పెద్దవాడివైపోయావు, సంతోషమే. అందుకే కాగితం పట్టుకున్నాను. దీన్నయినా ఎత్తి చదువు.

విషయం ఏమిటంటే, మన ఇస్త్రీ కొట్టు ముందు రోడ్డు కుంగుతోంది. మెట్టు దిగి రెండడుగులు వేస్తే, ఫుట్‌పాత్ రాయికీ తారుకీ మధ్య, అన్నం తినే పళ్ళెమంత మేర కిందికి దిగింది. లోతు రెండు వేళ్ళు. అంచున వేలు దూరేంత సందు కూడా ఉంది. మొన్న వాన పడితే వీధంతా నీళ్ళు నిలిచాయి గానీ ఆ పళ్ళెంలో చుక్క నిలవలేదు. మీ బావ చూసి, "మన రోడ్డుకి దాహం వేస్తోందే" అన్నాడు. ఆయనకి అన్నీ వేళాకోళమే. కొట్టు తలుపు కూడా వారం నుంచి కింద పట్టేస్తోంది. భుజం ఆనించి తొయ్యాల్సి వస్తోంది.

మీ బావ ఇస్త్రీ బల్ల ఎక్కడుంటుందో నీకు తెలుసు. గుమ్మంలోనే. పొద్దున ఏడు నుంచి చీకటి పడేదాకా ఆ మనిషి నిలబడేది ఆ గుంటకి నాలుగడుగుల ఇవతల. నాకు భయంగా ఉంది. వార్డు ఆఫీసుకి వెళ్తే "రాసిచ్చి వెళ్ళండమ్మా" అన్నారు. రాసిచ్చాను. నేను చూస్తుండగానే దాని మీద టీ గ్లాసు పెట్టుకున్నారు.

నువ్వొచ్చి నాన్న కర్రతో ఒక్కసారి చూసిపోరా. నాన్నే ఉంటే ఆ ఇనుప కర్ర రోడ్డు మీద నిలబెట్టి, పైకొన చెవికి ఆనించుకుని, పైపు ఎక్కడ కారుతోందో, నేల ఎక్కడ డొల్లగా ఉందో నిమిషంలో తేల్చి సుద్దముక్కతో గుండ్రం చుట్టేవాడు. ఆయన పనీ, ఆయన కర్రా రెండూ నీకే వచ్చాయి కదా. ఆ కర్ర నాకు రావాల్సిందని నాన్న పోయినప్పుడు నలుగురిలో నేనో మాట అన్నాను. నాలుగేళ్ళయింది. అదే మనసులో పెట్టుకుని ఫోన్ ఎత్తడం లేదా?

జవాబు రాయి.

అక్క

కింద మీ బావ గీకుడు: చెవులాయనకి నమస్కారం! పైపు గుండె చప్పుడు వినే డాక్టరు ఇంట్లో ఉండగా మాకు వార్డు ఆఫీసు దేనికి? త్వరగా రా. నీ చొక్కాలు కూడా పట్టుకురా, ఊరికే చేసిపెడతాను.


జూన్ 11

అక్కకు నమస్కారం.

ఉత్తరం అందింది. ఫోన్ల సంగతి వదిలెయ్. ఇక్కడ పని అలా ఉంది. ఉత్తరమైతే నాలుగుసార్లు చదువుకోవచ్చు. నాకు కోపం ఏమీ లేదు.

నువ్వు రాసినవాటిలో నీళ్ళు నిలవకపోవడం నాకు నచ్చలేదు. మన వీధి మురుగు పైపు మట్టిది, నాన్న పుట్టకముందు వేసింది. మట్టి పైపులు చిన్న చిన్న ముక్కలు. ఒకదాని మూతిలో ఇంకొకటి దూర్చి అతికిస్తారు. ఒక అతుకు వదులైందంటే, చుట్టూ ఉన్న మట్టి తడిసినప్పుడల్లా కాస్త కాస్త లోపలికి జారి, మురుగుతో పాటు వెళ్ళిపోతుంది. పక్కనే మంచినీళ్ళ పైపు కూడా కారుతుంటే ఇక అడగక్కర్లేదు, వాన లేకపోయినా ఆ నీరే మట్టిని కడిగేస్తుంది. కింద ఒక గది తయారవుతుంది. పైన తారు దానికి కప్పులా నిలబడి ఉంటుంది. నడిచేవాళ్ళకి రోడ్డు రోడ్డులాగే కనిపిస్తుంది, కప్పు కూలేదాకా.

అలాగని కుంగిన ప్రతి గుంటా అదే కాదు. ఎప్పుడో ఎవరో తవ్వి, దిమ్మిస సరిగా కొట్టకుండా పూడ్చినా రోడ్డు కాస్త దిగుతుంది. అది కొన్నాళ్ళకి ఆగిపోతుంది. మట్టి కొట్టుకుపోతున్నదైతే ఆగదు. ఇది రెంటిలో ఏదో తెలియాలి. ప్రతి ఆదివారం పొద్దున పది గంటలకు గుంట మీద అడ్డంగా ఒక కర్ర పెట్టి, అక్కణ్ణుంచి అడుగుదాకా స్కేలుతో కొలిచి రాసిపెట్టు. నాలుగు ఆదివారాల లెక్క నాకు పంపు. తలుపు సంగతి కూడా రాయి.

రావడం ఇప్పుడు వీలు కాదు. బావకి నమస్కారం చెప్పు. చెవులాయన అనడం ఇక మానెయ్యమను, వయసొచ్చింది.

తమ్ముడు


జూలై 6

వయసొచ్చిన తమ్ముడికి,

నువ్వు బడికి పోనని ఏడ్చి నా జడ పట్టుకు వేలాడిన రోజులు నాకింకా గుర్తున్నాయి. నీకు వయసేంటి?

నువ్వు చెప్పినట్టే కొలిచాను. నాలుగు ఆదివారాలు, సరిగ్గా పది గంటలకి. నాలుగుసార్లూ ఒకటిన్నర అంగుళం. మొదట రాసిన రెండు వేళ్ళే. వెంట్రుకవాసి తేడా లేదు. తలుపు ఇప్పుడు బాగా పడుతోంది, చిటికెన వేలితో తోసినా చాలు. మీ బావ అయితే "చూశావా, నీ తమ్ముడికి రోడ్డు కూడా భయపడింది" అంటున్నాడు.

నువ్వు కొలవమని రాసిన వారమే ఒకటి జరిగింది. మూలింటి ముసలావిడ దుప్పట్ల మూటతో వస్తూ ఆ గుంటలో కాలు మడతపడి కూలబడింది. చీలమండ వాచింది. మీ బావ ఆవిణ్ణి రిక్షా ఎక్కించి, దుప్పట్లు ఊరికే ఇస్త్రీ చేసి, స్వయంగా మోసుకెళ్ళి ఇచ్చి వచ్చాడు. ఆవిడ మాత్రం "మీ గుమ్మం ముందు మీరు చూసుకోరూ?" అని నలుగురూ వినేలా కడిగేసింది. నాకు తల కొట్టేసినట్టయింది. నీకు తెలుసుగా, బట్ట మీద గానీ నేల మీద గానీ ముడత కనిపిస్తే నా చెయ్యి ఊరుకోదు. అప్పట్నుంచి గుమ్మం ముందు శుభ్రంగా ఉంచుకుంటున్నాంలే.

నువ్వు రాలేకపోతే పోనీ, ఆ కర్రయినా పంపరా. నేనే వింటాను. చిన్నప్పుడు నాన్న మనిద్దరినీ తెల్లవారుజామున వెంటబెట్టుకెళ్ళి వినిపించేవాడు. "ఏం వినపడింది?" అంటే నీకంటే ముందు నేనే చెప్పేదాన్ని. "ఆడపిల్ల చెవి మంచిది" అని నాన్న నవ్వేవాడు. నవ్వి, కర్ర మాత్రం నీ చేతికిచ్చాడు. దెప్పడానికి కాదు, పనికొస్తుందనే అడుగుతున్నాను.

అక్క


జూలై 15

అక్కకు,

లెక్క చూశాను. నాలుగు వారాలు కదలకుండా ఉందంటే అది పాత పూడిక దిగడమే. ఆగిపోయింది. తలుపు కూడా సర్దుకుందన్నావు కాబట్టి నాకు అనుమానం తీరింది. మట్టి కొట్టుకుపోయే చోట గుంట ఇలా బుద్ధిగా ఉండదు. నువ్వు గుండె మీద చెయ్యి వేసుకుని ఉండొచ్చు.

అయినా వార్డు ఆఫీసు వాళ్ళ చేత ఒక పని చేయించు. ఖర్చు లేనిది. మీ వీధికి ఎగువ మ్యాన్‌హోల్‌లో దీపం దింపి, దిగువ మ్యాన్‌హోల్ నుంచి అద్దంతో పైపులోకి చూడాలి. వెలుగు గుండ్రంగా కనిపిస్తే పైపు బాగున్నట్టు. కోసినట్టో, నలిగినట్టో కనిపిస్తే ఎక్కడో అతుకు విడిపోయినట్టు. సగం ఊళ్ళలో రోడ్లు కూలేది ఈ పది నిమిషాల పని చెయ్యకే.

కర్ర పంపలేను. అది పనిముట్టు, పంచుకునే ఆస్తి కాదు. నాలుగేళ్ళ తర్వాత మళ్ళీ ఆ మాటే తెస్తావనుకోలేదు. దాని గురించి ఇక అడక్కు.

తమ్ముడు


ఆగస్టు 2

తమ్ముడికి,

నీ ఉత్తరం చదివి రెండు వారాలు జవాబు రాయబుద్ధి కాలేదు. కర్ర నీ దగ్గరే పెట్టుకో, ఫ్రేము కట్టించి గోడకి తగిలించుకో. నేను అడిగింది మన గుమ్మం కోసం. నువ్వు విన్నది ఇంకేదో.

దీపం, అద్దం అని వార్డు ఆఫీసులో చెబితే "మీ తమ్ముడు ఏ కాలంలో ఉన్నాడమ్మా?" అని నవ్వారు. ఇక్కడ పది రోజులుగా ఒకటే వాన. బట్టలు ఆరవు, బొగ్గు రాజుకోదు, గిరాకీ లేదు. నా ఒళ్ళు మండే సంగతి ఇంకొకటి ఉంది, విను.

నిన్న మురుగు మేస్త్రీ చేతిలో బకెట్టు పట్టుకుని కొట్టు మీదికొచ్చాడు. బకెట్టు నిండా తడి బొగ్గుముక్కలు. "దిగువ మ్యాన్‌హోల్ మూత తీస్తే అడుగున తట్టెడు బొగ్గులు! ఈ చుట్టుపక్కల బొగ్గు పెట్టెతో ఇస్త్రీ చేసేది మీరు తప్ప ఎవరు? కాలవలో పోస్తే పైపు పూడిపోదా?" అని నలుగురిలో కేకలు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "మా బొగ్గు కాలవలో పోసే ఖర్మ మాకేంటయ్యా! ఆరిన బొగ్గులూ బూడిదా మేం పోసుకునేది మా గుమ్మం ముందు గుంటలో. ముసలావిడ పడ్డప్పట్నుంచి ప్రతి శనివారం సాయంత్రం మా ఆయన తట్టెడు పోసి కాలితో తొక్కి చదును చేస్తాడు. బూడిద కదా, తెల్లారేసరికి అణిగి మళ్ళీ రెండు వేళ్ళు దిగుతుంది. కాలవ మొహం కూడా మేం చూడం" అని దులిపేశాను. అతను బకెట్టు పట్టుకుని వెళ్ళిపోయాడు. అయినా ఆ బొగ్గులు అక్కడికెలా వెళ్ళాయో నాకూ అర్థం కాలేదు. ఎవరో కావాలని చేస్తున్నారు.

నువ్వు జాగ్రత్త. వానలో తిరక్కు.

అక్క

మీ బావ రాసేది: చెవులాయనా, మీ అక్క పైకి ఇలా రాస్తోంది గానీ నీ ఉత్తరం చదివి అన్నం మానేసింది. కర్ర సంగతి అవతల పెట్టు. ఒక్కసారి ఫోన్ చెయ్యి. ఏం మాట్లాడినా పర్లేదు, మాట్లాడితే చాలు.


ఆగస్టు 8

అక్కా,

ఇది చదివిన క్షణమే కొట్టు వదిలి పెరటి తలుపు నుంచి బయటికి వెళ్ళిపోండి. నువ్వూ బావా ఇద్దరూ. ముందు తలుపు వైపు వెళ్ళొద్దు.

ఆ బొగ్గులు ఎవరూ పొయ్యలేదు. మీరు గుంటలో పోసినవే. గుంట నుంచి కిందికి, విరిగిన అతుకులో నుంచి పైపులోకి, అక్కణ్ణుంచి దిగువ మ్యాన్‌హోల్‌కి వెళ్ళాయి. బొగ్గే వెళ్ళిందంటే మట్టి ఎంత వెళ్ళిందో! శనివారం నింపిన గుంట ఒక్క రాత్రిలో రెండు వేళ్ళు దిగుతోంది. అణగడం కాదక్కా అది. ప్రతి వారం ఒకే లోతు అని రాస్తే ఆగిపోయిందనుకున్నాను. మీరు నింపుతున్నారని నాకు తెలియదు.

ఇప్పుడే టైపిస్టు అమ్మాయి చేత కొట్టుకి ఫోన్ చేయించాను. బావ ఎత్తాడట, చెప్పిందట. అయినా రాస్తున్నాను. గుంటకి అటు రెండిళ్ళు, ఇటు రెండిళ్ళు దూరం నుంచి తాడు కట్టించండి. బండి రాకూడదు, మనిషి రాకూడదు. కట్టేవాళ్ళు కూడా దగ్గరికి వెళ్ళకూడదు. ఇంకేమీ పొయ్యొద్దు. పైనుంచి ఎంత పోసినా దాని నోట్లో పోసినట్టే. ముందు నీళ్ళ పైపు మూయించాలి, తర్వాత మురుగు పైపు బాగుచెయ్యాలి, ఆ తర్వాతే పూడ్చాలి. మీ వార్డు ఇంజనీరుకి విడిగా రాశాను.

నేను ఈ రాత్రి బండికే బయల్దేరుతున్నాను. దీనికంటే ముందే వస్తానేమో.

తమ్ముడు


ఆగస్టు 31

తమ్ముడికి,

నీ ఎనిమిదో తారీఖు ఉత్తరం పన్నెండున వచ్చింది. అప్పటికి నువ్వు వచ్చి వెళ్ళిపోయావు కూడా.

నువ్వు అడగలేదు కాబట్టి ఆ రోజు ఎలా జరిగిందో రాస్తాను. పదకొండు కావస్తోంది. ఫోన్ మోగింది. మీ బావ ఎత్తాడు. కాసేపు విని, "అమ్మా, మా బావమరిదికి ఇవ్వు, అతను చెబితే వింటాను" అన్నాడు. తర్వాత ముఖం చిన్నబోయింది. ఠక్కున పెట్టేశాడు. "నీ తమ్ముడు పక్కనే ఉన్నాడట. మాట్లాడడట. బండ్లు రాకుండా రోడ్డు మూయాలని ఆ పిల్ల చేత చెప్పిస్తున్నాడు" అన్నాడు. అంతలో వీధి మొగలో నీళ్ళ ట్యాంకర్ కనిపించింది. ఆయన కొట్లో గిరాకీలు కూర్చునే చిన్న బల్ల ఒక చేత్తో, ఎవరిదో ఎర్ర దుప్పటి ఒక చేత్తో పట్టుకుని దిగాడు. దుప్పటి ఊపితే ట్యాంకర్ ఆగింది. బల్ల గుంటకి అడ్డంగా పెట్టి, నా వైపు తిరిగి ఏదో అనబోయాడు. వేళాకోళమే అయి ఉంటుంది, ముఖం అలాగే ఉంది. అంతే. చప్పుడు కూడా పెద్దగా రాలేదు. బల్ల అంచున పడి ఉంది, ఆయన లేడు.

నేను ఇస్త్రీపెట్టె చేతిలో ఉంచుకునే చూశాను. అది ఎక్కడ పెట్టానో తెలియదు. చొక్కా మాడి, ఇస్త్రీ బల్ల మాడి, పొగ వచ్చాక ఎవరో తీశారట. ఆ చొక్కా ఎవరిదో ఇప్పటిదాకా అడగడానికి రాలేదు.

మర్నాడు మధ్యాహ్నానికి ఆయన్ని తీశారు. సాయంత్రానికి నువ్వు వచ్చావు. పెద్దవాళ్ళు పలకరిస్తే ఒక్కరికీ జవాబు చెప్పలేదు. అంతా అయ్యాక నీ పక్కన గోడకి ఆనుకుని కూర్చుని అడిగాను: "ఫోన్ పక్కనే ఉండి ఎందుకు మాట్లాడలేదురా?" అని. నువ్వు నేల చూస్తూ తల ఊపావు. మళ్ళీ అడిగాను. మళ్ళీ ఊపావు. మర్నాడు బండెక్కావు.

ఆ పిల్ల ఫోన్లో సగమే చెప్పింది. చెప్పనివ్వకుండా ఆయనే పెట్టేశాడు. మీరు కూడా దగ్గరికి వెళ్ళొద్దు అన్న మిగతా సగం నీ ఉత్తరంలో ఉంది. ఆయన పోయిన నాలుగో రోజు చదివాను. నువ్వు ఒక్క ముక్క మాట్లాడి ఉంటే ఆయన ఆగేవాడు. వేళాకోళం ఆడుతూ అయినా ఆగేవాడు. ఒక కర్ర కోసం ఇంత పగ ఉంటుందా తమ్ముడూ?

నా తప్పు కూడా రాస్తున్నాను, నువ్వు రాయకముందే. గుంట నింపుతున్నామని నేను నీకు రాయలేదు. దాచి కాదు. గుమ్మం ముందు ఊడ్చుకున్న సంగతి ఎవరైనా ఉత్తరంలో రాస్తారా? నువ్వు లోతు అడిగావు, లోతు రాశాను. తలుపు బాగా పడుతోందని రాశాను. మీ బావ దాని అడుగు చెక్కి సరిచేశాడని రాయలేదు. నువ్వు చూడమన్న ప్రతిదాన్నీ మేం చక్కబెట్టి, చక్కగా ఉందని రాశాం. రోజూ ఇదే తలుచుకుంటున్నాను.

అక్క


సెప్టెంబర్ 9

అక్కా,

నాకు వినపడదు. రెండేళ్ళయింది.

మొదట సన్నని శబ్దాలు పోయాయి. నేను ఒప్పుకోలేదు. ఒకరోజు ఒక వీధిలో కర్ర ఆనించి, ఏమీ లేదని కాగితం రాసిచ్చి వచ్చాను. మర్నాడు సరిగ్గా అక్కడే పైపు పగిలి రోడ్డంతా నీళ్ళయింది. అప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్ళాను. మ్యాపుల గది నాకిచ్చిన పెద్ద ఉద్యోగం కాదు. పనికిరాని మనిషిని ఎక్కడో ఒకచోట కూర్చోబెట్టాలి కదా. నాన్న కొడుకుని, బావ నోట చెవులాయనని. ఏ మొహంతో చెప్పను? కర్ర నీకు పంపితే, మరి నీకు అక్కర్లేదా అని అడుగుతావు. అందుకే అంత కటువుగా రాశాను. పగ కాదక్కా, సిగ్గు.

ఆ రోజు నువ్వు నా పక్కన కూర్చుని ఏం అడిగావో నీ ఉత్తరం వచ్చేదాకా నాకు తెలియదు. నీ భుజం కదలడం తెలుస్తోంది. ఏడుస్తున్నావనుకుని తల ఊపాను.

ఇక ఫోన్ సంగతి. రిసీవర్ నా చెయ్యి చాస్తే అందే దూరంలో ఉంది. ఆ అమ్మాయి మాట్లాడుతూనే కాగితం ముక్క మీద "మిమ్మల్ని మాట్లాడమంటున్నారు" అని రాసి చూపించింది. నేను వద్దని తల అడ్డంగా తిప్పాను. బావ ఏమంటాడో వినపడదు, దానికి నేను ఏదో పొంతన లేని జవాబు చెబుతాను, ఆఫీసులో అందరూ చూస్తారు. నా భయం అది. ఆ తర్వాత బండిలో కూర్చున్నాక తట్టింది. వినపడకపోతేనేం, మాట్లాడొచ్చు కదా! "బావా, అక్కడికి వెళ్ళకు" అనడానికి చెవులు దేనికి? ముప్ఫై ఏళ్ళు వినడమే పనిగా బతికినవాణ్ణి. వినలేకపోతే మాట కూడా లేదనుకున్నాను.

నీ తప్పు అని రాశావు. గుంట ముట్టుకోవద్దని నేను ఎక్కడా రాయలేదు. మా పనివాళ్ళకి అది చెప్పక్కర్లేని మాట. నీకు చెప్పాలని తోచలేదు. ముడత కనిపిస్తే నీ చెయ్యి ఊరుకోదని ఆ ఉత్తరంలోనే ఉంది. నేను అంకెలు చదివి మిగతాది వదిలేశాను.

కర్ర పంపుతున్నాను. ఇది ఎప్పుడో నీకు రావాల్సింది. ఇంకో మాట, వాళ్ళు పూడ్చేటప్పుడు దగ్గరుండు. కొత్త పైపు దీపం పెట్టి చూడకుండా మట్టి పొయ్యనివ్వకు. అడుగున కంకర వేయించు. ఒకేసారి లారీతో కుమ్మరిస్తే ఒప్పుకోకు. జానెడు మట్టి, దిమ్మిస, మళ్ళీ జానెడు. లేకపోతే మళ్ళీ ఇదే.

క్షమించమని అడిగే ధైర్యం లేదు.

తమ్ముడు


సెప్టెంబర్ 21

తమ్ముడికి,

కర్ర చేరింది. గోనెపట్టా విప్పగానే నాన్న చేతి చెమటకి నల్లబడ్డ చోటు కనిపించింది. దాని పక్కనే నీది.

పని అయ్యింది. మట్టి పైపు నాలుగు అతుకుల మేర నలిగిపోయి ఉందట. దాన్ని ఆనుకునే మంచినీళ్ళ పైపు కారుతోందట, ఎన్నేళ్ళ నుంచో. కింద మన కొట్టంత గది. ఆ గది మీద మీ బావ పదిహేనేళ్ళు ఇస్త్రీ చేశాడో, రెండేళ్ళే చేశాడో ఎవరూ చెప్పలేకపోయారు.

నేను వారం రోజులు కుర్చీ వేసుకుని అక్కడే కూర్చున్నాను. దీపం, అద్దం అంటే ఈసారి ఎవరూ నవ్వలేదు. మురుగు మేస్త్రీయే అద్దం తెచ్చి నా చేతికిచ్చాడు. చూశాను, వెలుగు గుండ్రంగా ఉంది. లారీ ఆయన మట్టి ఒకేసారి పోస్తానంటే టైరు ముందు నిలబడ్డాను. జానెడు, దిమ్మిస, జానెడు. పదకొండు వరసలు. మేస్త్రీ పక్కకి పిలిచి, "బొగ్గులు చూసిన రోజే నేను గ్రహించాల్సిందమ్మా, కేకలేసి పోయాను" అన్నాడు. అందరం తలా ఒక ముక్క చూశాం తమ్ముడూ. అన్నీ ఒకచోట పెట్టినవాళ్ళు లేరు.

అందరూ వెళ్ళాక మీ బావ బల్ల పెట్టిన చోట కర్ర నిలబెట్టి చెవి ఆనించాను. ఏమీ వినపడలేదు. గట్టి నేలకి మాట ఉండదని నాన్న అనేవాడు. ఆ వినపడకపోవడం కోసమే కదా ఇంత చేశాం. రోడ్డు మీద అందరూ చూస్తుండగానే ఏడ్చాను.

నిన్ను క్షమించానని రాయలేను. రాస్తే అబద్ధం అవుతుంది. నన్నే నేను క్షమించుకోలేదు, నీ దాకా ఎక్కడ వస్తాను? అయితే నువ్వు ఒక్కడివే ఆ గదిలో మ్యాపుల మధ్య కూర్చుని ఉన్నావని తలుచుకుని మళ్ళీ కాగితం పట్టుకున్నాను. రెండేళ్ళు, అక్కకి కూడా చెప్పకుండా!

వచ్చే ఆదివారం పది గంటలకు కొట్టుకి ఫోన్ చెయ్యి. నేను గుంట కొలిచే వేళ అది, ఇప్పుడు నాకా వేళకి పని లేదు. నేను ఎత్తానో లేదో నీకు తెలియదు. ఎత్తుతాను. ఇరవై అంకెలు లెక్కపెట్టుకుని మొదలుపెట్టు. ఆ రోజు మీ బావతో అనాల్సిన మాట ముందు అను. ఆయన ఇస్త్రీ బల్ల దగ్గరే నిలబడి వింటాను. తర్వాత నీ ఇష్టం. ఏం మాట్లాడినా పర్లేదు, మాట్లాడితే చాలు.

అక్క